11 అంగుళాల ట్యాబ్‌లో ఎక్సెల్ రాయనివ్వడం లేదు: కోయంబేడు మండీ లెక్కకు ఏ యాప్ సరిపోతుంది?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. చెన్నై కోయంబేడులో టమాటా మండీ. మదనపల్లె వైపు నుంచి రాత్రి లోడ్లు దిగుతాయి, తెల్లవారుజామున అమ్మకం. ఆఫీసు కంప్యూటర్‌లో ఎక్సెల్ ఫైల్ ఒకటి, అందులో రైతులకు పట్టీలు ప్రింట్ తీసే మాక్రో, అంటే ఒక్క నొక్కుతో ఆ పనంతా చేసే చిన్న ప్రోగ్రామ్. సరుకు దించిన చోటే లెక్క ఎక్కించుకుందామని 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్ కొన్నారు. అందులో ఫైల్ తెరుచుకుంటోంది కానీ ఒక్క అంకె మార్చనివ్వదు. అదే ఫైల్ ఫోన్‌లో మార్చనిస్తోంది. షెడ్డులో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. ఎక్సెల్ బదులు ఏం వేసుకోవాలి?

ముందుగా, మీ ట్యాబ్‌లో లోపమేమీ లేదు. 10.1 అంగుళాలు, అంతకంటే చిన్న తెర ఉన్న ఫోన్లు, ట్యాబుల్లోనే మైక్రోసాఫ్ట్ తన మొబైల్ ఎక్సెల్‌లో ఉచితంగా మార్పులు చేయనిస్తుంది. తెర అంతకు మించితే చదవడం వరకే ఉచితం, రాయాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. అందుకే ఫోన్‌లో కుదిరింది ట్యాబ్‌లో కుదరలేదు. యాప్ తీసేసి మళ్ళీ వేసినా, చందా లేని ఇంకో ఖాతాకు మార్చినా ఇది మారదు.

చందా కట్టే ముందు ఇంకో సంగతి తెలుసుకోండి. మీ పట్టీల మాక్రో వీబీఏలో, అంటే ఎక్సెల్ మాక్రోలు రాసే భాషలో ఉంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐప్యాడ్‌లోనూ ఎక్సెల్ వీబీఏ మాక్రోలను నడపదు, చందా ఉన్నా సరే. బయట దొరికే మిగతా మొబైల్ యాప్‌లను కూడా ఆ ఆశతో వెతకకండి. పైగా మాక్రో ఉన్న ఫైల్‌ను వేరే యాప్‌లో తెరిచి సేవ్ చేస్తే మాక్రో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ ఫైల్‌ను ట్యాబ్ మీదకు తేవడమే మానేయండి.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: యాప్ వెతకడానికి ముందు ఫైల్‌ను రెండుగా విడగొట్టండి. ట్యాబ్‌లో ఉండేది రాసే ఫైల్, ఆఫీసులో ఉండేది లెక్క కట్టే ఫైల్. రాసే ఫైల్‌లో ఫార్ములా ఒక్కటి కూడా వద్దు, మాక్రో వద్దు, కలిపేసిన సెల్స్ వద్దు, రంగులు వద్దు. తేదీ, రైతు కోడ్, బాక్సులు, ధర, కొన్నవారి కోడ్, గమనిక. ఈ ఆరు కాలమ్‌లు చాలు. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి సరుకు. కమీషన్, హమాలీ, లారీ బాడుగ, అడ్వాన్సు కోతలు అన్నీ ఆఫీసు ఫైల్ చూసుకుంటుంది. ఇలా విడగొట్టాక యాప్ ఎంపిక చాలా తేలిక, ఎందుకంటే యాప్‌ల మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం ఫార్ములాలు, చార్టులు, పివట్ టేబుళ్ళ దగ్గరే ఉంటుంది. ఆరు కాలమ్‌ల ముడి వివరాలను పాడుచేసే యాప్‌లు తక్కువ.

ఆఫీసు వైపు అమరిక కూడా చెబుతాను, లేకపోతే పైన చెప్పింది సగం సలహాయే అవుతుంది. ఎక్సెల్ 2016 లేదా ఆ తర్వాతిది ఉంటే పైన డేటా మెనూలో గెట్ డేటా (2016లో న్యూ క్వెరీ అని ఉండవచ్చు), అందులో ఫ్రమ్ ఫైల్, ఆపైన ఫ్రమ్ ఫోల్డర్. ట్యాబ్ నుంచి వచ్చిన రోజువారీ ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి, దాన్ని ఇక్కడ చూపించి కంబైన్ నొక్కితే అన్నిటినీ ఒకే పట్టికగా తెస్తుంది. ఆ తర్వాత రోజూ చేయాల్సింది రిఫ్రెష్ ఆల్ ఒక్కటే. పట్టీల మాక్రో ఆ పట్టిక మీద నడుస్తుంది.

దీంట్లో మూడు చోట్ల దెబ్బతింటారు. మొదటిది, శీర్షిక. "బాక్సులు" అన్నది ఒక రోజు "బాక్స్‌లు" అయినా, చివర ఒక ఖాళీ పడినా ఆ కాలమ్ దొరకలేదంటూ ఆగిపోతుంది, లేదా ఆ రోజు అంకెలు రాకుండా పోతాయి. అందుకే రోజూ కొత్తగా టైప్ చేయకుండా ఖాళీ నమూనా ఫైల్ ఒకటి పెట్టుకుని దాన్నే కాపీ చేసుకోండి. షీట్ పేరు కూడా మారకూడదు. రెండోది, ఆ ఫోల్డర్‌లోని ఏదైనా ఫైల్‌ను కంప్యూటర్‌లో తెరిచి ఉంచితే ~$ గుర్తుతో మొదలయ్యే దాగిన ఫైల్ ఒకటి పక్కన పుడుతుంది. ఫ్రమ్ ఫోల్డర్ దాన్ని కూడా చదవబోయి తప్పు చూపిస్తుంది. ఫైల్ పేరు కాలమ్ మీద ఒక ఫిల్టర్ పెట్టి ~$ తో మొదలయ్యేవి వదిలేయమనండి. మూడోది అన్నిటికన్నా ప్రమాదం: ఒకే రోజు ఫైల్ రెండుసార్లు ఫోల్డర్‌లో పడడం. వాట్సాప్‌లో రెండోసారి పంపితే పేరు చివర (1) చేరి వేరే ఫైల్‌గా దిగుతుంది, రిఫ్రెష్ చేస్తే ఆ రోజు బాక్సులన్నీ రెట్టింపు. ఏ హెచ్చరికా రాదు. పేరు 2025-11-03 లాగా సంవత్సరం, నెల, రోజు వరుసలో పెట్టండి, ఒక రోజుకు ఒకే ఫైల్, మళ్ళీ వస్తే పాతదాని మీదే వేయండి.

ఇక యాప్‌లు. మీ పరిస్థితికి, అంటే సిగ్నల్ లేకుండా నడవాలి, ఎక్సెల్ ఫైల్‌గానే సేవ్ అవ్వాలి, డబ్బు కట్టనక్కర్లేదు అన్న మూడు షరతులకు నేను ముందు ఓన్లీఆఫీస్ డాక్యుమెంట్స్ వేసి చూడమంటాను. ఇది ఎక్సెల్ వాడే ఎక్స్ఎల్ఎస్ఎక్స్ రూపాన్నే తన సొంత రూపంగా పెట్టుకుని పనిచేస్తుంది, అందుకని ఫైల్ అటూ ఇటూ తిరిగినా పెద్దగా చెదరదు. ట్యాబ్ మెమరీలోని ఫైల్‌ను నేరుగా తెరుస్తుంది. అప్లికేషన్ సెట్టింగ్స్‌లో రీజనల్ సెట్టింగ్స్ అని ఉంటుంది, దాని అవసరం కింద తేదీల దగ్గర తెలుస్తుంది.

రెండోది కొలాబొరా ఆఫీస్. కంప్యూటర్లలో వాడే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ ఇంజనే దీని లోపల ఉంది, ప్రకటనలు లేవు, నెట్ అక్కర్లేదు, పెద్ద తెర మీద కంప్యూటర్ తరహా మెనూలు కనిపిస్తాయి. బరువైన యాప్ కాబట్టి తక్కువ ర్యామ్ ఉన్న ట్యాబ్‌లో తెరవడానికే సమయం తీసుకుంటుంది. తెల్లవారుజామున లారీ దగ్గర నిలబడి ఎదురుచూడటం కష్టం. ఫార్ములాలు ఎక్కువున్న పనికైతే దీన్నే ముందు చెప్పేవాణ్ణి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన సాఫ్ట్‌మేకర్ వాళ్ళ ప్లాన్‌మేకర్ మూడోది. పాత పాకెట్ పీసీ రోజుల నుంచీ చేతి కంప్యూటర్లకు స్ప్రెడ్‌షీట్ చేస్తున్నవాళ్ళు. అది నెట్ లేకుండా నడుస్తుంది, మామూలు పనికి ఉచితం, కొన్ని సౌకర్యాలకు చందా.

డబ్ల్యూపీఎస్ ఆఫీస్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. స్ప్రెడ్‌షీట్‌గా దానికి వంక పెట్టలేం. ఉచిత వెర్షన్‌లో మధ్యలో ప్రకటనలు వస్తాయి, క్లౌడ్‌లోకి లాగిన్ కమ్మని అడుగుతూ ఉంటుంది. రైతుల బాకీలున్న ఫైల్ విషయంలో, క్లౌడ్ సింక్ ఆపేసి ఉందో లేదో చూసుకోకుండా దాన్ని వాడొద్దు.

గూగుల్ షీట్స్ గురించి తప్పకుండా అడుగుతారు. ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు ఒకేసారి ఒకే షీట్‌లో రాయాలంటే దానికి సాటి లేదు. కానీ సిగ్నల్ పోయాక పనిచేయాలంటే, సిగ్నల్ ఉన్నప్పుడే ఫైల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచమని చెప్పి ఉండాలి. ఇద్దరు సిగ్నల్ లేకుండా ఒకే సెల్ మార్చితే తర్వాత సింక్ అయినప్పుడు ఒకరిది పోతుంది. ఇంకా, క్వెరీ, ఇంపోర్ట్‌రేంజ్ లాంటి షీట్స్‌కే ఉన్న ఫంక్షన్లు వాడి ఎక్సెల్‌గా దించుకుంటే అక్కడ ఫార్ములా బతకదు, ఆనాటి విలువ మాత్రం మిగులుతుంది. కింద వివరాలు మారినా ఆ అంకె కదలదు, చూడటానికి మాత్రం బాగానే ఉన్నట్టు ఉంటుంది. రాసే ఫైల్‌లో ఫార్ములాలు వద్దన్నది ఇందుకు కూడా. బటన్ నొక్కితే నడిచే స్క్రిప్టులు కూడా దాని మొబైల్ యాప్‌లో పనిచేయవు.

జోహో షీట్ మన చెన్నై వాళ్ళది. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన కంపెనీ. దాని గొప్ప ఏమిటంటే బ్రౌజర్‌లో వీబీఏ మాక్రోలను నడపగలదు. అన్ని కమాండ్లూ కాకపోయినా, పట్టీ నింపి ప్రింట్‌కు పంపే చిన్న మాక్రో అయితే పరీక్షించి చూడదగ్గదే. ఆఫీసులో ఎక్సెల్ చందా కూడా మానేయాలనుకుంటే అప్పుడు దీని వైపు చూడండి. ఐప్యాడ్ ఉన్నవాళ్ళకు నంబర్స్ ఉచితంగా వస్తుంది, కానీ అది తన సొంత రూపంలో దాచుకుంటుంది, ప్రతిసారీ ఎక్సెల్ కాపీని మీరే ఎగుమతి చేసుకోవాలి. రోజూ ఫైల్ అటూ ఇటూ తిరిగే పనికి వద్దు.

ఏది వేసుకున్నా, అసలు లెక్క ఎక్కించే ముందు ఒక పరీక్ష ఫైల్ చేయండి. ఆఫీసు ఎక్సెల్‌లో తయారుచేసి, ట్యాబ్‌కు పంపి, అక్కడ రెండు వరుసలు చేర్చి సేవ్ చేసి, తిరిగి ఆఫీసులో తెరవాలి. ట్యాబ్‌లో బాగా కనిపించడం కాదు, తిరిగొచ్చాక ఎలా ఉందన్నదే చూడాలి. ట్యాబ్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఈ పని చేయండి, సిగ్నల్ సంగతి అక్కడే తేలిపోతుంది.

పరీక్షలో మొదట చూడాల్సింది తేదీ. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. యాప్ అమెరికా పద్ధతిలో ఉంటే నెల ముందు, రోజు తర్వాత. మీరు నవంబర్ 3 అనుకుని 03/11 అని కొడితే అది మార్చి 11గా దాచుకుంటుంది. 25/11 అని కొడితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, మాటగా వదిలేస్తుంది. తేడా కంటితోనే కనిపెట్టవచ్చు: తేదీలు, అంకెలు సెల్‌లో కుడివైపు ఒదుగుతాయి, మాటలు ఎడమవైపు. కాలమ్‌లో సగం కుడికి, సగం ఎడమకి ఉన్నాయంటే రోగం ఇదే. నవంబర్ నెల లెక్కలో 1 నుంచి 12 వరకు, ఒక్క 11 తప్ప, మిగతా పదకొండు రోజుల సరుకు వేరే నెలల్లోకి వెళ్ళిపోతుంది. 13 నుంచి నెలాఖరు దాకా ఏ నెలలోనూ చేరదు. గూగుల్ షీట్స్‌లో అయితే కంప్యూటర్ బ్రౌజర్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్‌ను (ప్రాంతం) ఇండియా చేయండి. ఓన్లీఆఫీస్ లాంటి మిగతా యాప్‌లలో యాప్ ప్రాంతీయ సెట్టింగ్, ట్యాబ్ భాష సెట్టింగ్ రెండూ ఇంగ్లిష్ ఇండియా లేదా తెలుగు చేయండి. ఆపైన కూడా నవంబర్ 3, నవంబర్ 25 రెండూ కొట్టి చూడండి. రెండూ కుడికి ఒదిగి, నెల పేరు సరిగ్గా చూపితేనే నమ్మండి.

తర్వాత పొడవైన అంకెలు. ఎక్సెల్ గానీ దాని తరహా యాప్‌లు గానీ ఒక అంకెలో 15 స్థానాల వరకే నిక్కచ్చిగా దాచుకుంటాయి. 16 అంకెల బ్యాంకు ఖాతా నంబర్ కొడితే చివరి అంకె సున్నా అయిపోతుంది, తిరిగి రాదు. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ అయితే లోపల సరిగ్గానే ఉన్నా తెర మీద 4.31E+11 లాగా కనిపించవచ్చు. అలా కనిపిస్తున్నప్పుడు సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే ఆ కనిపించేదే ఫైల్‌లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. రిచీ స్ట్రీట్‌లో ఫోన్ల వ్యాపారం చేసేవాళ్ళకు ఐఎంఈఐ నంబర్లతో జరిగేది సరిగ్గా ఇదే. మందు ఒక్కటే: ఆ కాలమ్‌ను ముందుగానే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టడం. కొట్టిన తర్వాత మార్చితే లాభం లేదు. రైతు కోడ్ 007 లాగా సున్నాతో మొదలైతే దానికీ ఇదే మందు. సీఎస్‌వీ మీకు అసలు వద్దు. అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే యూటీఎఫ్-8 గుర్తు లేని సీఎస్‌వీని ఆఫీసు ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తులుగా మారతాయి.

పేర్ల బదులు కోడ్ పెట్టమన్నది ఊరికే కాదు. ఫోన్ కీబోర్డులో "చంద్రశేఖర్" అని కొట్టినప్పుడు కొన్నిసార్లు చివర కంటికి కనిపించని విడదీసే అక్షరం ఒకటి చేరుతుంది. రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి, కానీ పొడవు లెక్కించే లెన్ ఫంక్షన్ పెడితే ఒకదానికి ఒక అక్షరం ఎక్కువ చూపిస్తుంది. అలాంటప్పుడు ఒకే రైతు ఇద్దరు రైతులుగా లెక్కపడి, బాకీ రెండు చోట్ల చీలవచ్చు. కోడ్ అంకెల్లో ఉండాలి, పేరు ఆఫీసు ఫైల్‌లోని జాబితా నుంచి రావాలి. రైతు పేరు కనిపించకపోతే గుమాస్తాకు కష్టమంటారా, అదే ఫైల్‌లో రెండో షీట్‌గా కోడ్, పేరు, ఊరు జాబితా పెట్టండి, చూసుకుంటాడు.

లక్షల కామాలు చాలా యాప్‌లలో వాటంతటవి రావు, 12,34,567 బదులు 1,234,567 అని వస్తుంది. ఆఫీసు ఫైల్‌లో కస్టమ్ ఫార్మాట్ ఇది పెట్టండి: [>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0 (చివర చుక్క ఉండదు). దీంతో ఒక చిక్కు, మైనస్ అంకెలకు ఇది పనిచేయదు, అవి మూడో భాగంలో పడి పాత పద్ధతిలోనే కనిపిస్తాయి. అడ్వాన్సు మిగిలిన రైతుల బాకీ మైనస్‌లో ఉంటుంది కాబట్టి చదివేటప్పుడు పొరబడకండి. విలువకు ఏమీ కాదు, చూపు మాత్రమే తేడా.

ఆఫీసు ఫైల్‌లో కోడ్‌ను బట్టి పేరు వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫంక్షన్ వాడుతున్నట్టయితే అది 2021కి ముందరి ఎక్సెల్‌లో లేదు. లిబ్రెఆఫీస్‌లోకి 2024లో 24.8 వెర్షన్‌తోనే వచ్చింది. తెలియని ఫంక్షన్‌ను పాత ప్రోగ్రామ్ తెరిచినప్పుడు పాత విలువనే చూపిస్తూ ఉంటుంది, తిరిగి లెక్కించినప్పుడు #NAME? అనే తప్పు బయటపడుతుంది. సమ్‌ఇఫ్స్, ఇండెక్స్, మ్యాచ్‌లతో సరిపెట్టుకుంటే ఈ గొడవే లేదు. అనుమానం వస్తే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే ఎక్సెల్ అన్నిటినీ మళ్ళీ లెక్కిస్తుంది.

ట్యాబ్ వాడకంలో రెండు జాగ్రత్తలు. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ను అక్కడే నొక్కి తెరిచి రాయొద్దు. అది చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, లేదా మార్పులు ఇంకో కాపీలో పడి, మీరు తిరిగి పంపేది పాత ఫైలే కావచ్చు. ముందు డౌన్‌లోడ్స్ కాకుండా "మండీ" అని ఒక ఫోల్డర్ చేసి అందులోకి మార్చుకుని, యాప్ లోపలి నుంచి తెరవండి. రెండోది, బ్యాటరీ పొదుపు. కొన్ని కంపెనీల ట్యాబులు వెనక్కి వెళ్ళిన యాప్‌ను నిమిషాల్లోనే చంపేస్తాయి, మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చేసరికి చివర రాసిన వరుసలు ఉండవు. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి, ఒక్కో లారీ పూర్తికాగానే సేవ్ నొక్కడం అలవాటు చేయండి.

తడి చేతులతో తెర మీద అంకెలు కొట్టడం కుదరదు, 310 అనుకున్నది 3110 అవుతుంది. టాబ్ కీ కూడా ఉన్న చిన్న యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి ఓటీజీ పిన్‌తో తగిలించండి. టాబ్ నొక్కితే పక్క సెల్‌కు, వరుస చివర ఎంటర్ నొక్కితే కింది వరుస మొదటికి వెళ్తుందో లేదో యాప్‌లో చూసుకోండి. రాత్రికి కొన్ని వందల వరుసలు కొట్టేవాళ్ళకు యాప్‌ల మధ్య నిజంగా తెలిసే తేడా ఇదే, నేనైతే దీని ఆధారంగానే చివరి నిర్ణయం తీసుకోమంటాను.

మొదటి వారం కాగితం చిట్టా మానకండి. రోజూ మూడు అంకెలు పోల్చండి: వరుసల సంఖ్య, బాక్సుల మొత్తం, డబ్బు మొత్తం. వరుసలు సరిగ్గా రెట్టింపైతే ఫైల్ రెండుసార్లు పడింది. వరుసలు, బాక్సులు సరిపోయి డబ్బు మాత్రం తగ్గితే ఎవరో ధర సెల్‌లో "310/-" అని మాటగా కొట్టారు, అది ఆఫీసు పట్టికలోకి ఖాళీగా వచ్చింది. రోజు లెక్కలన్నీ కలిసి నెల మొత్తం ఒక్కటే కలవకపోతే తిన్నగా తేదీ కాలమ్‌కు వెళ్ళి, ఎడమవైపు ఒదిగినవి ఏవో చూడండి.